ఏ చక్రం వేడెక్కింది?

"బండి లాగడం ల్యాదప్పా."

అనంతపురంలో పాత కారుతో మెకానిక్ షెడ్డుకు వచ్చేవాళ్ల నోట ఈ మాట తరచూ వినిపిస్తుంది. వినగానే అందరి చూపూ బానెట్ మీదికే పోతుంది. ప్లగ్గులు మారతాయి, ఎయిర్ ఫిల్టర్ మారుతుంది, కార్బురేటర్ విప్పి కడుగుతారు. ఒక్కోసారి వ్యవహారం క్లచ్ ప్లేటు దాకా పోతుంది. ఇంత ఖర్చయ్యాక కూడా బండి మొరాయిస్తూనే ఉంటే, అప్పుడు ఎవరో ఒకరు వంగి చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూస్తారు. సెగ కొడుతుంటుంది. ఇంజిన్‌లో ఏ లోపమూ లేదు. సగం తొక్కిపెట్టిన బ్రేకుతో కారును లాగమంటే ఏ ఇంజిన్ అయినా అలాగే ఆయాసపడుతుంది.

పెడల్ మీద నుంచి కాలు తీసేసిన తర్వాత కూడా ప్యాడ్లు గానీ లైనర్లు గానీ చక్రాన్ని పూర్తిగా వదలకపోతే దాన్ని బ్రేకు పట్టేయడం అంటారు. ప్రాణం తీసే జబ్బు అది, కానీ నెమ్మదిగా ముదురుతుంది. మైలేజ్ తగ్గుతుంది, ఒక టైరు పక్కవాటికన్నా ముందే అరుగుతుంది, స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది. ఇవన్నీ కనిపిస్తున్నా బండి నడుస్తూనే ఉంటుంది కాబట్టి యజమాని వాయిదా వేస్తాడు. బ్రేకు ఎక్కడ పట్టేస్తోందో కనిపెట్టే పద్ధతిలో సగానికి పైగా పనికి స్పానర్ అక్కర్లేదు. కళ్లు, ముక్కు, చెయ్యి, ఒక కాగితం, కొంచెం ఓపిక ఉంటే చాలు.

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడుతుంది. ఇంత పొడి నేల మీద ఇనుము అంత త్వరగా తుప్పు పట్టదు కదా, బ్రేకులకు ఢోకా ఏముంటుందని చాలామంది అనుకుంటారు. కానీ కోస్తాలో ఉప్పుగాలి చేసే చెరుపును ఇక్కడ ఎండ, దుమ్ము కలిసి చేస్తాయి. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే పిన్నుల మీద, పిస్టన్ అంచున చిన్న రబ్బరు తొడుగులు ఉంటాయి. ఏళ్ల తరబడి ఎండకు, బ్రేకు వేడికి ఆ రబ్బరు బిరుసెక్కి చిట్లుతుంది. ఆ చీలికలోంచి మెత్తటి ఎర్రదుమ్ము లోపలికి పోయి, గ్రీజుతో కలిసి ముద్దకడుతుంది. తర్వాత ఒక్క వాన పడినా, ఒక్కసారి వాటర్ సర్వీసింగ్ చేయించినా ఆ ముద్దకు తడి తగిలి పిన్ను బిగుసుకుంటుంది.

ఈ ప్రాంతానికి ఇంకో ఇబ్బంది ఉంది. పని కోసం బెంగళూరు వెళ్లిన కుటుంబాల కార్లు ఊళ్లో కానుగ చెట్టు కిందో రేకుల షెడ్డులోనో నెలల తరబడి కదలకుండా ఉంటాయి, అదీ హ్యాండ్ బ్రేక్ లాగిపెట్టి. ఉగాదికి వచ్చి స్టార్ట్ చేస్తే వెనక చక్రాలు కదలవు. కదిలినా హ్యాండ్ బ్రేక్ కేబుల్ తొడుగు లోపలే పట్టేసి పూర్తిగా వెనక్కి రాదు. రోజూ నడిచే కారుకన్నా నిలబడ్డ కారుకే ఈ జబ్బు త్వరగా వస్తుంది. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ కార్ల తయారీ మొదలుపెట్టింది. ఆ కొత్త కార్లు పోయే దారుల్లోనే 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800లు, అంబాసిడర్లు ఇంకా కనిపిస్తాయి. వాటిని నమ్ముకున్నవాళ్లకు అనవసరంగా కొన్న ఒక్క మాస్టర్ సిలిండర్ ఖర్చు కూడా భారమే.

బ్రేకు ఎలా పడుతుందో తెలిస్తే ఎందుకు వదలడం లేదో ఊహించడం తేలిక. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని బ్రేక్ ఆయిల్ మీద ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడి పైపుల ద్వారా నాలుగు చక్రాలకూ చేరుతుంది. మాల్కం లాగ్‌హెడ్ అనే అమెరికన్ 1917లో ఈ ద్రవపు బ్రేకులకు పేటెంట్ పొందాడు. కడ్డీలు, తీగలతో లాగే పాత బ్రేకుల్లో నాలుగు చక్రాలకూ సమానంగా బలం పంచడం కష్టమయ్యేది. ద్రవంతో ఆ కష్టం తీరింది. ఒత్తిడి అన్ని చోట్లకూ ఒకేలా పోతుంది కాబట్టి ఒక్క చక్రమే పట్టేస్తే లోపం ఆ చక్రం దగ్గరే ఉండాలి. అన్నీ పట్టేస్తే లోపం మొదట్లోనే, అంటే పెడల్, మాస్టర్ సిలిండర్ దగ్గర ఉండాలి. మిగతా వెతుకులాట అంతా దీని మీదే నడుస్తుంది.

డిస్క్ బ్రేకులో పిస్టన్‌ను వెనక్కి లాగడానికి స్ప్రింగ్ లేదని తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. పిస్టన్ చుట్టూ చదరపు అంచులున్న ఒక రబ్బరు రింగు ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు పిస్టన్ ముందుకు జరిగితే ఆ రింగు కొంచెం మెలి తిరుగుతుంది. కాలు తీయగానే రింగు తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య ఉండే ఎడం ఆ కాస్తే. రింగు బిరుసెక్కినా, పిస్టన్‌కు తుప్పు పట్టినా ఆ వెంట్రుకవాసి ఎడం ఉండదు.

ఇక పరీక్ష. మొదటిది ఇంటి ముందే చేయొచ్చు. తెల్లవారుజామున, బండి చల్లగా ఉన్నప్పుడు, చదునైన చోట గేరు న్యూట్రల్ చేసి హ్యాండ్ బ్రేక్ వదిలి తోయాలి. మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. బ్రేకులు బాగుంటే ఒక్క మనిషి తోస్తే కదులుతుంది. తర్వాత రద్దీ లేని దారిలో పది పదిహేను కిలోమీటర్లు, వీలైనంత తక్కువ బ్రేకు వేస్తూ నడిపి, చివరకు గేర్లు తగ్గిస్తూ నెమ్మదిగా ఆపి మళ్లీ తోయాలి. చల్లగా ఉన్నప్పుడు తేలిగ్గా కదిలి, వేడెక్కాక కదలకపోతే అది చాలా విలువైన ఆనవాలు. పిస్టన్, పిన్ను, కేబుల్ లాంటివి పట్టేస్తే ఎక్కువగా చల్లగా ఉన్నప్పుడూ బిగుసుకునే ఉంటాయి. వేడెక్కేకొద్దీ బిగుసుకుంటోందంటే ఆయిల్ వెనక్కి పోయే దారి మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు ఆయిల్ వేడికి వ్యాకోచించి, ఎవరూ తొక్కకుండానే బ్రేకు వేస్తుంది. కాసేపు నీడలో ఆపితే అదే వదులుతుంది. షెడ్డుకు తీసుకెళ్లేసరికి "ఏమీ లేదే" అనిపించుకునే కార్లలో చాలావాటి సంగతి ఇదే.

ఆగీ ఆగగానే నాలుగు చక్రాల వేడీ పోల్చాలి. రైల్వేవాళ్లు ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నారు. గుంతకల్ లాంటి జంక్షన్‌లో రైలు ప్లాట్‌ఫారంలోకి వస్తుండగానే సిబ్బంది పట్టాల పక్కన ఉండి చక్రాలను గమనిస్తారు, ఆగగానే యాక్సిల్ బాక్సుల వేడి చూస్తారు. బ్రేక్ బైండింగ్, హాట్ యాక్సిల్ అనే మాటలు వాళ్లకు రోజువారీ మాటలు. కారుకు చేసేదీ ఇంతే: ఆలస్యం చేయకుండా, నాలుగు చోట్లా ఒకేలా చూడడం. చక్రాన్ని నేరుగా తాకకూడదు, చర్మం ఊడుతుంది. అరచేతి వెనక భాగాన్ని కొన్ని అంగుళాల దూరంలో ఉంచితే సెగ తెలుస్తుంది. దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. మెరిసే డిస్కు మీద అది తక్కువ చూపిస్తుంది కాబట్టి అన్ని చక్రాలకూ రంగు వేసిన ఒకే భాగం మీద, ఒకే దూరం నుంచి కొలవాలి. బ్రేకు భారం ముందు చక్రాల మీదే ఎక్కువ పడుతుంది గనుక ముందువి వెనకవాటికన్నా వేడిగా ఉండడం సహజం. పోల్చవలసింది ఎడమను కుడితో. ఈ జిల్లా ఎండలో సూర్యుడి వైపు చక్రం కాస్త ఎక్కువ చూపించవచ్చు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఒకవైపు 60 డిగ్రీలు, మరోవైపు 120 చూపిస్తే మాత్రం జబ్బు చక్రం దొరికినట్టే. ఘాట్ దిగిన వెంటనే ఈ పరీక్ష చేయొద్దు, అప్పుడు అన్నీ వేడిగానే ఉంటాయి.

స్టీరింగ్ లాగుడు కూడా సాక్ష్యమే. ట్రాక్టర్ నడిపినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. ట్రాక్టర్‌కు ఎడమకూ కుడికీ వేరు వేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. సాలు చివర ఒక పెడల్ తొక్కితే బండి ఆ పక్కకే తిరుగుతుంది. రోడ్డెక్కేటప్పుడు రెండింటినీ కలిపి లాక్ చేయాలని, రెండూ సమానంగా పడుతున్నాయో లేదో చూసుకోవాలని ట్రాక్టర్ నేర్పేచోట మొదటే చెబుతారు. కారులో ముందు ఎడమ బ్రేకు పట్టేస్తే కారు ఎడమకు లాగుతుంది, అంతే తేడా. వెనక చక్రం పట్టేస్తే లాగుడు అంతగా తెలియకపోవచ్చు. వేడి, వాసనే చెప్పాలి.

ఇప్పుడు కాగితం మీద నాలుగు చక్రాలు గీసి ఏది వేడో రాసుకుంటే అర్థం దానంతట అదే బయటపడుతుంది. ఒక్క ముందు చక్రమే అయితే అనుమానం పిస్టన్, పిన్నులు, లేదా ఆ చక్రానికి పోయే రబ్బరు హోస్ పైపు మీదికి పోతుంది. వెనక రెండూ అయితే హ్యాండ్ బ్రేక్ కేబుల్, అతిగా బిగించిన డ్రమ్ము షూలు (లైనర్లు ఉండే భాగాలు). ముందు ఎడమ, వెనక కుడి కలిసి వేడెక్కితే, ముందు చక్రాలతో నడిచే చాలా కార్లలో బ్రేకు పైపులు ఐమూలగా రెండు జతలుగా ఉంటాయి కాబట్టి, మాస్టర్ సిలిండర్‌లోని ఒక భాగాన్ని అనుమానించాలి. నాలుగూ వేడెక్కితే చక్రాల జోలికే పోనక్కర్లేదు.

ఇంకో ప్రశ్న కూడా రాసుకోవాలి: ఈ బాధ మొదలవ్వక ముందు ఆఖరున చేయించిన పని ఏది? దీనికి జవాబు చాలాసార్లు గంటల వెతుకులాటను తప్పిస్తుంది. కొత్త మాస్టర్ సిలిండర్ వేయించిన వారానికే నాలుగు చక్రాలూ పట్టేస్తే, లోపలి పుష్ రాడ్ పొడవు సరిచేయకుండా బిగించారేమో చూడాలి. రాడ్ కాస్త పొడవైనా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ తిరిగి డబ్బాలోకి పోయే సన్నటి రంధ్రం తెరుచుకోదు. బ్రేక్ లైట్ స్విచ్ మార్చినప్పుడు దాన్ని ముందుకు ఎక్కువగా బిగిస్తే పెడల్‌ను పైకి రానివ్వదు. ఫలితం అదే. పెడల్‌ను వేలితో నొక్కితే మొదట కొన్ని మిల్లీమీటర్లు ఊరికే కదలాలి. ఆ కదలిక లేకపోతే మిగతా అనుమానాలన్నీ పక్కన పెట్టి ముందు దాన్ని సరిచేయించాలి. పైసా ఖర్చు లేని పని అది.

హ్యాండ్ బ్రేక్ విషయంలో తరచూ జరిగే తప్పు ఒకటుంది. లివర్ పైకి ఎక్కువగా వస్తోందని కేబుల్‌ను బిగిస్తారు. లివర్ పైకి రావడానికి అసలు కారణం లోపల లైనర్లు అరిగి డ్రమ్ముకు దూరమవడం. ముందు డ్రమ్ము దగ్గర షూలు సర్ది, ఆ తర్వాతే కేబుల్ ముట్టుకోవాలి. వరస తిప్పితే షూలు ఎప్పటికీ పూర్తిగా వెనక్కి రావు.

జాకీ ఎత్తే దశ ఇక్కడి నుంచి. అలవాటు లేనివాళ్లు ఇక్కడ ఆగి, రాసుకున్న కాగితంతో మెకానిక్ దగ్గరికి వెళ్లడం మంచిది. చేయగలిగినవాళ్లు గట్టి నేల మీద, నేలనంటి ఉన్న చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, జాకీతో ఎత్తిన కారును తప్పనిసరిగా స్టాండ్ల మీదికి దింపాలి. జాకీని మాత్రమే నమ్మి కారు కిందికి చెయ్యి గానీ తల గానీ పెట్టకూడదు. చక్రాన్ని చేత్తో తిప్పాలి. చిన్న రాపిడి శబ్దంతో తిరిగితే పర్వాలేదు, డిస్క్ బ్రేకులో అది సహజం. బలం పెట్టినా తిరగకపోతే అది పట్టేసిన చక్రం. తిరుగుతున్నప్పుడు గరగరమని మోత వస్తూ, వేడి డిస్కు మీదకన్నా మధ్యలో హబ్ దగ్గర ఎక్కువగా ఉంటే తప్పు బ్రేకుది కాకపోవచ్చు, బేరింగ్ చూడాలి.

చక్రం బిగుసుకుని ఉండగానే ఆయిల్ బయటికి వదిలే బ్లీడింగ్ నిప్పుల్‌ను కొద్దిగా వదులు చేయడం ఈ మొత్తం పరీక్షలో కీలకం. నిప్పుల్‌కు సన్నటి పైపు తగిలించి సీసాలో పెట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకుని చేయాలి. ఆయిల్ చిమ్మి, వెంటనే చక్రం వదిలేస్తే లోపల ఒత్తిడి చిక్కుకుపోయిందన్నమాట. క్యాలిపర్ నిర్దోషి. ఆయిల్ వచ్చినా చక్రం వదలకపోతే ఒత్తిడి సంగతి కాదు. పిస్టనో పిన్నో ప్యాడో అక్కడే బిగుసుకుంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా కొన్న క్యాలిపర్లు, సిలిండర్లు ఎన్నో వృథా అయ్యాయి.

ఒత్తిడి చిక్కుకుంటే వెనక్కి నడవాలి. మళ్లీ పెడల్ తొక్కి చక్రం బిగుసుకునేలా చేసి, ఈసారి హోస్ పైపుకు పై చివర, ఇనుప పైపుతో కలిసే జాయింటు వదులు చేయాలి. ఇప్పుడు చక్రం వదిలితే లోపం ఇంకా పైన ఉంది. వదలకపోయి, నిప్పుల్ తీస్తేనే వదిలితే హోస్ పైపే దోషి. పాత రబ్బరు పైపు బయటికి బాగున్నా లోపల ఉబ్బి, పొరలు లేస్తుంది. కాలి బలానికి ఆయిల్ ముందుకు పోతుంది గానీ, దానంతట అది వెనక్కి రాలేదు. చవకగా దొరికే ఈ పైపు మీదికి అనుమానం అన్నిటికన్నా ఆఖరున పోతుంది. పది పదిహేనేళ్లు దాటిన కారులో ముందుగా చూడవలసినవాటిలో ఇదొకటి.

నాలుగు చక్రాలూ పట్టేసినప్పుడు మాస్టర్ సిలిండర్‌ను కాలి బలాన్ని పెంచే బూస్టర్‌కు బిగించిన నట్లు రెండు మూడు చుట్లు వదులు చేసి సిలిండర్‌ను కాస్త ముందుకు లాగితే చాలు. చక్రాలు వదిలితే తప్పు పుష్ రాడ్, పెడల్, లేదా బూస్టర్ వైపు ఉంది. వదలకపోతే సిలిండర్ లోపల. బూస్టర్ ఉన్న కార్లలో ఇంజిన్ ఆపి, పెడల్‌ను ఐదారుసార్లు తొక్కి వదిలి చక్రం తిప్పాలి. తేలిగ్గా తిరిగే చక్రం ఇంజిన్ స్టార్ట్ చేయగానే బిగుసుకుంటే బూస్టర్ పాడైంది.

అన్నిటికన్నా బాధాకరమైన కేసు ఆయిల్ తప్పు పోయడం. డబ్బాలో బ్రేక్ ఆయిల్ తగ్గిందని దారిలో ఎవరో ఇంజిన్ ఆయిలో స్టీరింగ్ ఆయిలో పోస్తారు. బ్రేకుల్లోని రబ్బరు సీళ్లు ఖనిజ నూనెను తట్టుకోలేవు, పీల్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బిన సీలు ఆయిల్ వెనక్కి పోయే రంధ్రాన్ని మూసేస్తుంది. డబ్బా మూత కింది రబ్బరు ఉబ్బి మళ్లీ సరిగా కూర్చోకపోతే అనుమానించాలి. గాజు గ్లాసులో నీళ్లు పోసి డబ్బాలోని ఆయిల్ నాలుగు చుక్కలు వేయాలి. మామూలు బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, ఇంజిన్ ఆయిల్ తేలుతుంది. తేలితే మాత్రం పైపులు కడిగి, రబ్బరు భాగాలన్నీ మార్చడం తప్ప మార్గం లేదు. కారును షెడ్డుకు కూడా నడిపి కాకుండా లాగించి తీసుకెళ్లాలి.

నీళ్లలో కలిసిపోయే ఆ గుణమే బ్రేక్ ఆయిల్ బలహీనత కూడా. గాలిలోని తేమను అది ఏళ్ల తరబడి పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. పట్టేసిన చక్రం దగ్గర ఆ వేడి పుట్టడం పెద్ద విషయం కాదు. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నేలకు తగులుతుంది. వదలని బ్రేకు చివరకు పడని బ్రేకు అవుతుంది. అనంతపురం నుంచి పాత కారులో తిరుమల వెళ్లేవాళ్లు ఎంతోమంది. కిందికి దిగే మొదటి ఘాట్ రోడ్డు వరస మలుపులతో ఉంటుంది. పట్టేసిన బ్రేకుతో, ఏనాడూ మార్చని ఆయిల్‌తో ఆ దారి దిగడం సాహసం. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడానికి అయ్యే ఖర్చు ఒక ట్యాంకు పెట్రోలుకన్నా తక్కువ.

దారిలోనే పొగ కనిపిస్తే? రోడ్డుకు ఎడమ అంచున ఆపాలి. ఎండుగడ్డి, శనక్కాయ కట్టె ఉన్న చోట ఆపకూడదు, వేడి చక్రం నుంచి అంటుకుంటుంది. ఎర్రగా కాలిన డిస్కు మీద నీళ్లు కుమ్మరిస్తే అది పగలవచ్చు, వంకర పోవచ్చు. మంట లేకపోతే గాలికే చల్లారనివ్వాలి. అందరూ ఎడమ పక్క తలుపుల నుంచి, వాహనాలు రాని వైపే దిగాలి. 2025 జనవరి 22న మహారాష్ట్రలోని జల్గావ్ జిల్లాలో పుష్పక్ ఎక్స్‌ప్రెస్ ప్రయాణికులు నిప్పంటుకుందన్న భయంతో పక్క పట్టాల మీదికి దిగారు. అటుగా వచ్చిన కర్ణాటక ఎక్స్‌ప్రెస్ వాళ్లను ఢీకొంది. పదిమందికి పైగా చనిపోయారు. బ్రేక్ బైండింగ్ వల్లనో హాట్ యాక్సిల్ వల్లనో నిప్పురవ్వలు వచ్చి ఉండొచ్చని రైల్వే అధికారులు తొలుత చెప్పారు. ఆ కర్ణాటక ఎక్స్‌ప్రెస్ బెంగళూరు నుంచి అనంతపురం, గుంతకల్ మీదుగానే ఢిల్లీ పోతుంది. 44వ నంబరు రహదారి మీద కుడివైపు తలుపు తెరిచి దిగేవాళ్లకు ఉన్న ప్రమాదం ఆ రైలు ప్రయాణికులకు ఎదురైనదానికి తక్కువేమీ కాదు.

మెకానిక్‌తో మాట్లాడే తీరు కూడా ఈ విద్యలో భాగమే. "మాస్టర్ సిలిండర్ మార్చన్నా" అని తీర్పు చెబితే అతను అదే మారుస్తాడు. "పది కిలోమీటర్లు పోయాక ముందు ఎడమ చక్రం ఒక్కటే కాలుతోంది, చల్లారితే వదులుతోంది, పోయిన నెల ప్యాడ్లు వేయించాం" అని చెబితే అనుభవమున్న మెకానిక్ మనసులో సగం పని అక్కడే పూర్తవుతుంది. మరమ్మతు జరిగేటప్పుడు రెండు విషయాలు అడగాలి. పిన్నులకు మామూలు గ్రీజు కాకుండా రబ్బరును పాడుచేయని సిలికాన్ గ్రీజు పెట్టమనాలి. డ్రమ్ముల్లోని పొడిని గాలితో ఊదొద్దని చెప్పాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. తడిగుడ్డతో తుడవడం ఆ పనివాడి ఆరోగ్యం కోసం.

పని అయ్యాక అదే పది పదిహేను కిలోమీటర్లు మళ్లీ నడిపి, అవే నాలుగు చోట్ల మళ్లీ కొలవండి. ఎడమ, కుడి దగ్గర దగ్గరగా వస్తే మరమ్మతు నిలిచినట్టు. ఆ అంకెలను, ఆయిల్ మార్చిన తేదీని ఆర్‌సీ కాగితంతో పాటు కారులోనే పెట్టుకోండి. కారు ఇప్పుడు బాగానే ఉన్నవాళ్లు కూడా వచ్చే ఆదివారం తెల్లవారుజామున ఒకసారి కొలిచి రాసుకోండి. రేపు ఏ చక్రమైనా మొరాయిస్తే పోల్చుకోవడానికి మీ కారు సొంత లెక్కే మీ దగ్గర ఉంటుంది.